అరగంట ఎర్ర లైటు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు నేను ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్లో సీనియర్ సౌండ్ ఇంజనీరుని. ఆ వానాకాలం ఒక అనువాద చిత్రం వచ్చింది. అందులో పోలీసు అధికారిణి పాత్రకు గొంతు ఇవ్వడానికి శైలజను పిలిచాం. రాజమండ్రి మనిషి. పెదవుల కదలికకు ఒక్క టేకులో మాట అతికించేసి, మేం టీ తెప్పించేలోపే వెళ్లిపోయే రకం.

ఒకరోజు మాత్రం పొడుగు డైలాగు వచ్చినప్పుడల్లా ఊపిరి మధ్యలో తెగిపోతోంది. హెడ్‌ఫోన్లలో అలాంటివి దాగవు. ఆరో టేకు తర్వాత వాయిస్ రూంలోకి వెళ్లి ఏమైందని అడిగాను.

"పక్కటెముక సార్. మా ఆయన తోశాడు, సోఫా తగిలింది," అంది, ఉప్మాలో ఉప్పెక్కువైందన్నంత మామూలుగా.

ఆ భర్త బయట లాంజ్‌లోనే ఉన్నాడు. రోజూ కారులో తెచ్చి, అయ్యేదాకా కూర్చుని తీసుకెళ్లేవాడు. భార్యంటే ఎంత శ్రద్ధో అని మేమంతా మెచ్చుకునేవాళ్లం. నేను పెద్దరికం మీదేసుకుని, అతనితో మాట్లాడతానన్నాను.

"మీరు బాగానే మాట్లాడతారు సార్. ఇంటికెళ్లాక పడేది నాకు. నా ఫోను ఆయన చూస్తాడు. మీ ఫోనిచ్చి, ఆ ఎర్ర లైటు ఓ అరగంట ఆర్పకండి, చాలు."

తలుపు మీద ఎర్ర లైటు వెలిగితే రికార్డింగ్ నడుస్తోందని అర్థం. నిర్మాతైనా లోపలికి రాకూడదు. మైకు కట్టేసి, అద్దానికి ఇవతల కూర్చున్నాను. అవతల ఆవిడ గృహహింస కేసులు చూసే ప్రభుత్వ రక్షణాధికారితో మాట్లాడింది. నాలుగు రోజులు అదే వరస.

రెండో రోజు భర్త నన్ను ఆపాడు. "ఏంది సార్, రెండు సీన్లకు గింత టైమా?"

పెదవులకూ మాటకూ సింక్ కుదరట్లేదని, మీ ఆవిడకింకా ప్రాక్టీసు కావాలని చెప్పాను. ఈ మాట చెబితే శైలజ పక్కటెముక పట్టుకుని మరీ నవ్వింది. "పదిహేనేళ్ల పేరు ఒక్క ముక్కతో చెడగొట్టారు కదండీ!"

అయిదో రోజు మిగిలిన సీన్లన్నీ పూర్తి చేసి, వెనక మెట్ల దారిన దిగి రక్షణాధికారి తెచ్చిన బండెక్కింది. లాంజ్‌లో భర్తకు చెప్పే పని నాకు పడింది. ఆవిడ వెళ్లిపోయిందన్నాను. "నాకు చెప్పకుండ గట్లెట్ల పోతది?" అని కుర్చీ తన్నాడు. వాచ్‌మన్ బయటికి పంపేశాడు.

కొన్ని వారాలకు కోర్టు ఉత్తర్వు వచ్చింది. అతను ఆమె ఇంటికీ, పనిచేసే చోటికీ రాకూడదు. ఆమె రహమత్ నగర్‌లో చిన్న పోర్షను కిరాయికి తీసుకుని, స్కూటర్ మీద రావడం మొదలుపెట్టింది.

అంతవరకు ఇలాంటివి వింటే మధ్యలోకి వెళ్లి సర్దిచెప్పడమే సాయమనుకునేవాణ్ణి. అతనికి ఎప్పుడు కోపమొస్తుందో, ఎటు తప్పుకోవాలో ఆమెకు తెలిసినంత నాకేం తెలుసు? ఆ తర్వాత మా థియేటర్‌కి వచ్చే మరో ఇద్దరు ఆడవాళ్లు తమ ఇంటి సంగతులు చెప్పారు. సలహా ఇవ్వలేదు. ఏం కావాలో అడిగి, అది మాత్రం చేశాను.