శనివారం నేను చదవని కబురు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒకటుంది. అది బరువని ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. అన్యాయం అనుకున్నాను, అవమానం అనుకున్నాను, నమ్మించి గొంతు కోశారని కనపడినవాడికల్లా చెప్పుకు తిరిగాను. నన్ను మోసం చేసిన మాట నిజమే. కానీ ఆ నిజం వెనక దాక్కోవడం ఎంత సుఖంగా ఉంటుందో దాక్కున్నవాడికే తెలుస్తుంది. ఇవాళ మీకు చెప్తాను. నా పేరు చెప్పను. నేను చెప్పబోయే కమిటీ ఏ శాఖదో, అందులో ఎవరెవరున్నారో కూడా చెప్పను. చెప్పడం మొదలెడితే తప్పంతా మళ్ళీ వాళ్ళ మీదికి నెట్టేస్తాను, నాకా విద్య బాగా వచ్చు.

నేను ఖరగ్‌పూర్‌లోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ట్రాఫిక్ కాలనీలో ఉండిపోయాడు. మా ఇంట్లో కాస్త ఎక్కువ చదువుకున్నవాణ్ణి నేను, బడిపంతులునయ్యాను. ఇంట్లో వినపడే 'ఏటి', 'సెప్పు' లాంటి మాటలు నా నోట రాకుండా చేసుకోవడానికి చాలా కష్టపడ్డాను. ఆ కష్టానికి గర్వపడ్డాను కూడా. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మా పక్క క్వార్టర్లో పైడమ్మప్ప ఉండేది. మాకు చుట్టరికమేమీ లేదు. నాకంటే పెద్దది, అందుకని అప్పా అనేవాణ్ణి, తను తమ్ముడూ అనేది. భర్త వర్క్‌షాపులో ఖలాసీ. ఆవిడ గొంతు విప్పితే రెండు వీధుల అవతల కుక్కలు లేచేవి. సాలువా వెళ్ళే దారిలో, కాలనీకి నీళ్ళ కోసం ఎప్పుడో తవ్విన రిజర్వాయరు ఒకటుంది. ఆ నీళ్ళు తాగడం మానేసి చాలా కాలమైంది. దాని ఉత్తరం వైపు పాత రాతిమెట్లున్నాయి. మగవాళ్ళు డ్యూటీలకి వెళ్ళాక, పొద్దుటిపూట ఆ మెట్ల దగ్గర ఆవిడ కాలనీ ఆడపిల్లలకి ఈత నేర్పేది. సరంజామా అంటే ఒక లారీ ట్యూబు, మూతలు బిగించిన ఖాళీ నూనె డబ్బాలు, అంతే. "ఒలే, కాళ్ళు కొట్టే! నీళ్ళేటి నిన్ను మింగీవు!" అని ఆవిడ కేకేస్తుంటే, అంతవరకూ ఏడుస్తున్న పిల్లలు నవ్వడం మొదలెట్టేవాళ్ళు. నా కూతురికి ఈత నేర్పింది కూడా ఆవిడే. నేను ఒడ్డున వాళ్ళ చెప్పులకి కాపలా ఉండేవాణ్ణి. నాకు ఈత రాదు, ఇప్పటికీ రాదు.

ఆ రిజర్వాయరుని విహారస్థలం చేస్తామని కమిటీ వేశారు. పెడల్ బోట్లు, నడకదారి, చుట్టూ కంచె, టికెట్టు గేటు. కంచె లోపల స్నానాలూ ఈతలూ నిషేధం. నిబంధన ప్రకారం కమిటీ మీటింగులన్నీ బహిరంగమే. ఎవరైనా వచ్చి వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు, చివర లేచి అభ్యంతరం చెప్పవచ్చు, మీటింగు అయ్యేదాకా గది తలుపు మూయకూడదు. కాలనీవాళ్ళ నుంచి కొందరిని సభ్యులుగా తీసుకుంటూ, తెలుగువాళ్ళ తరఫున నన్ను తీసుకున్నారు.

మీటింగు నోటీసు ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ ఆఫీసు బోర్డుకి అంటించేవారు. మావాళ్ళు బెంగాలీ గడగడా మాట్లాడతారు, హిందీలో తగువులాడతారు, చదవమంటే మాత్రం చాలామందికి ఇంగ్లీషూ రాదు, బెంగాలీ రాదు. అందుకని మా దగ్గరొక పద్ధతుంది. శనివారం సాయంత్రం గుడి వరండాలో భజన అయ్యాక, ప్రసాదం పంచేముందు, మైకులో కబుర్లు చదవాలి. ఎవరింట్లో పదోరోజు భోజనాలు, పోలియో చుక్కలు ఎక్కడ, దొరికిన సైకిలు తాళం ఎవరిది. ఆ మైకులో తెలుగులో వినపడితేనే అది కబురు. గోడకి ఎన్ని అంటించినా మావాళ్ళ లెక్కలో అవి కాగితాలే. అప్పుడు ఆ కబుర్లు చదివేది నేనే, ఇప్పుడూ నేనే.

పైడమ్మప్పకి మెట్ల సంగతి చెప్పింది కూడా నేనే. మెట్లు పోతాయని భయపడింది. తరవాత తేరుకుని, మీటింగుకి వస్తానంది. పిల్లల తల్లులందరినీ వెంటబెట్టుకుని వస్తానంది. ఆఫీసర్ల ముందు ఏం చెప్పాలో నేర్పమని మా ఇంటికొచ్చింది. పొద్దున ఒక్క గంట ఆ మెట్లు మాకు వదలండి, అంతే, అదీ ఆవిడ కోరిక. హిందీలో ఒక్క వాక్యం చేసిచ్చాను. బియ్యం ఏరుకుంటూ, బట్టలారేసుకుంటూ దాన్నే వల్లించేది. గోడవతల నుంచి నాకు వినపడేది.

అసలు నిర్ణయం చేసే మీటింగుకి ముందు కమిటీ కార్యదర్శి నన్ను టీకి పిలిచాడు. మాస్టర్‌జీ అంటూ స్వయంగా కుర్చీ జరిపాడు. సాసరుతో సహా కప్పు అందించాడు. మెత్తగా చెప్పాడు. జనం వచ్చి గోల చేస్తే ఈ చోటు ప్రమాదమని పైవాళ్ళు మొత్తం మూసేస్తారు. మీటింగు ప్రశాంతంగా జరిగితే ఉత్తరం మెట్లు కంచె బయట ఉండేట్టు తను చూసుకుంటాడు. నోటీసు ఎలాగూ బోర్డు మీద ఉంటుంది, నిబంధనకి లోటేమీ ఉండదు. ఇక గుడి మైకు మీ ఇష్టం, అన్నాడు.

నేను నమ్మానా? నమ్మాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మెట్ల కోసమే ఆ పని చేశానని, మా ఆడవాళ్ళ మంచికేనని, ఎవరో ఒకరు తెలివిగా నడుచుకోవాలి కదా అని. కానీ ఆయన 'గోల' అన్న క్షణంలో నా కళ్ళముందుకి వచ్చింది మెట్లు కావు. తడి జుట్టు ముడేసుకుని, పదిమందిని వెంటేసుకుని, నా పేరుపలక ఉన్న బల్ల ముందు నిలబడి ఆ హిందీ వాక్యాన్ని మా యాసలో గట్టిగా అరుస్తున్న పైడమ్మప్ప వచ్చింది. ఆఫీసర్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం కూడా కనపడింది. నేను సిగ్గుపడ్డాను. నా బిడ్డని నీళ్ళలో తేల్చి ఒడ్డుకి చేర్చిన మనిషిని చూసి సిగ్గుపడ్డాను.

ఆ శనివారం పదోరోజు భోజనాలు చదివాను. చుక్కల మందు చదివాను. సైకిలు తాళం కూడా చదివాను. మీటింగు నోటీసు చొక్కా జేబులోనే ఉంది. మైకు ఆపేశాను.

దిగి వస్తుంటే వరండా మెట్ల దగ్గర పైడమ్మప్ప చెప్పులు వెతుక్కుంటోంది.

"మీటింగు కబురేటి రానేదా తమ్ముడూ?" అంది.

"ఇంకా ఏమీ తేలలేదప్పా. తేలితే నేను చెప్పనూ?"

"నువ్వు సెప్పకపోతే మాకెవుడు సెప్తాడు. నాను రోజూ సదువుకుంటన్నాను, ఇను. హమ్‌కో సుబే ఏక్ ఘంటా ఛోడ్ దీజియే సాబ్. ఠీక్ హై గదా?"

"ఠీక్ హై అప్పా."

"బయమేస్తంది రా. నువ్వు పక్కనుంటే సెప్పీగల్ను."

పక్కనే ఉంటానన్నాను. ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టి, పిల్లకియ్యి అని వెళ్ళిపోయింది.

మీటింగు రోజు నేను అందరికంటే ముందు వెళ్ళాను. జనం కోసం కుర్చీలు వెయ్యాలి కదా, నిబంధన. ప్యూను ఒక్కడే ఇబ్బంది పడుతుంటే నేనూ చెయ్యేసి రెండు వరసలు వేయించాను. గాలికి మూసుకుపోకుండా అతను తలుపుకి ఇటుక అడ్డం పెట్టాడు. అదీ నిబంధనే. తలుపు బార్లా తెరిచే ఉంది. కుర్చీల్లో ఒక్క మనిషి లేడు. ఆ వేళకి పైడమ్మప్ప మెడలోతు నీళ్ళలో నిలబడి ఎవరి పిల్లనో పట్టుకుని ఉంటుంది.

కార్యదర్శి పటం విప్పాడు. కంచె ఎక్కడెక్కడ వస్తుందో ఎర్రగీత గీసి ఉంది. ఆ గీత ఉత్తరం మెట్లని కూడా లోపలికి తీసుకుని చుట్టూ తిరిగి వచ్చింది. నేను ఆయన మొహం చూశాను. ఆయన టీలో చెంచా తిప్పుకుంటున్నాడు. నా వైపు చూడనేలేదు. అధ్యక్షుడు ఆ ఖాళీ కుర్చీల వైపు తిరిగి, ప్రజల నుంచి అభ్యంతరాలున్నాయా అని అడిగాడు. నిజంగానే కుర్చీలని అడిగాడు. కాసేపు ఆగాడు కూడా. ఆ కాసేపట్లో నేను లేవగలిగేవాణ్ణే. నాకు హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఆ వాక్యం చేసింది నేనే. లేవలేదు. అభ్యంతరాలు లేవని రాసుకున్నారు.

బయటికొచ్చాక కార్యదర్శిని నిలదీశాను. ప్రయత్నిస్తానన్నాను గానీ మాటిచ్చానా మాస్టర్‌జీ, అని భుజం తట్టి జీపెక్కాడు. ఆ భుజం ఎన్నాళ్ళు మండిందో! ఎంత నీచుడు, ఎంత తియ్యగా మాట్లాడి ఎంత పని చేశాడు అని కుమిలిపోయాను. ఆ కోపం నిజమైనది, ఇప్పటికీ చల్లారలేదు. కానీ దాన్ని నేను వాడుకున్న తీరు చూడండి.

స్తంభాలు పాతడం మొదలయ్యాక జనం మా ఇంటి మీదికొచ్చారు. మీటింగెప్పుడైంది, మాకెందుకు తెలీలేదు అని. నేను ఎగిరిపడ్డాను. మనందరినీ మోసం చేశారు, నాకూ ముందు చెప్పలేదు, ఆ పొద్దున కబురంపి కూర్చోబెట్టారు, అన్నాను. అంత అబద్ధం అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అందరూ నమ్మారు. ఒకళ్ళిద్దరు అనుమానంగా చూస్తే పైడమ్మప్ప వాళ్ళ మీదికి లేచింది. తరవాత నా దగ్గరికొచ్చి తల నిమిరింది.

"పాపం, నిన్నూ మోసం సేసినారా తమ్ముడూ," అంది.

ఆ మాటతోనే చెప్పేసి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఆవిడ చెయ్యి తల మీద ఉంది. తీసేస్తుందని భయపడ్డాను. అంతే, ఇంతకంటే గొప్ప కారణం ఎంత వెతికినా దొరకలేదు.

ఆ తరవాత అర్జీలు రాశాను, ఊరేగింపులో ముందు నడిచాను, మోసం మోసం అని అందరికంటే గట్టిగా అరిచాను. ఏమీ జరగలేదు. జరగదని నాకు తెలుసు, రాసుకున్నది నా ఎదుటే కదా. కంచె వచ్చింది, గేటు వచ్చింది, హంస బొమ్మల బోట్లు వచ్చాయి. లారీ ట్యూబు పైడమ్మప్ప వాళ్ళ గోడ మీద చాలా రోజులుండి, ఎండకి పగిలిపోయింది. ట్రాఫిక్ కాలనీలో ఆ తరవాత ఏ ఆడపిల్లా ఈత నేర్చుకోలేదు. నా కూతురు మాత్రం పక్కనే ఉన్న హిజ్లీలో ఉద్యోగం చేస్తూ, అక్కడి ఈతకొలనులో తన పిల్లకి నేర్పుకుంటోంది. పైడమ్మమ్మ నేర్పినట్టే నేర్పుతున్నాను నాన్నా అంటుంది. నేను వేరే మాట తీస్తాను.

పైడమ్మప్ప ఇప్పుడు పెద్దదైపోయింది, మోకాళ్ళు సహకరించవు. అయినా శనివారం భజనకి వస్తుంది. ఈ మధ్య మళ్ళీ కొత్త కమిటీ వేశారు. ఉత్తరం మెట్లు పగలగొట్టి ఆ చోట బోట్లకి షెడ్డు కట్టాలని ఆలోచనట. మనవాళ్ళ తరఫున ఎవరని ప్రశ్న వస్తే, ఆవిడే నా పేరు చెప్పింది. వద్దన్నాను. వినలేదు.

మొన్న శనివారం మీటింగు నోటీసు చదివాను. రోజు, వేళ, చోటు, ఎవరైనా రావచ్చని, లేచి మాట్లాడవచ్చని. ఒకసారి చదివి, వెంటనే రెండోసారి చదివాను. పాత సంగతి కూడా చెప్పేయాలని నోరు తెరిచాను. ఇంతలో ముందు వరసలోంచి పైడమ్మప్ప, ఒక చేత్తో స్తంభం పట్టుకుని లేచి, కాలనీలోకి కొత్తగా వచ్చినవాళ్ళ వైపు తిరిగింది.

"ఇన్నారా? మా తమ్ముడు సెప్పీసినాడు, ఇంక అందరం ఎల్దాం. కబురు దాసే మనిసి కాడు," అంది.

మైకు ఆపేశాను. మళ్ళీ ఆపేశాను.

ఇది చదివి మీరు నన్ను క్షమించక్కర్లేదు, క్షమించడానికి మెట్లు మీవి కావు. వచ్చే శనివారం చెప్తానో లేదో కూడా మాటివ్వలేను, నా మాట విలువ మీకీపాటికి తెలిసే ఉంటుంది. కానీ ఒక్క వాక్యం ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉంది. బడిలో నేర్చుకున్న తెలుగులో ఎన్నిసార్లు కూర్చినా అది బయటికి రాలేదు. ఈ పొద్దున తలుపేసుకుని, ఏ యాసని చూసి సిగ్గుపడ్డానో ఆ యాసలోనే పైకి అని చూశాను. వచ్చింది. గుండె మీంచి కొంచెం బరువు దిగింది. అందుకే అలాగే రాసేస్తున్నాను.

దాసినాను అప్పా. నానే దాసినాను.