రత్నమాణిక్యం డాబా మీది పలక

నరసాపురం పక్క ఊళ్ళో ఉండే రత్నమాణిక్యానికి తనదంటూ ఉన్న పొద్దు ఒక్కటే, సాయంత్రం కరెంటు పోయే వేళ. పెళ్ళికి ముందే చేతికొచ్చిన లేసు సూదిని ఆమె కింద పెట్టేది అప్పుడే. బుడ్డిదీపం మసికి తెల్లదారం పాడవుతుందని, చీకట్లో అల్లొద్దని, దారమిచ్చి లేసు అల్లించుకునే షావుకారే చెప్పాడు. అందుకని పక్కింటి పాపాయమ్మతో కలిసి ఏటిగట్టుకి పోయేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఏరు దాటే పంటు మీది జనాన్ని చూస్తూ కూర్చుని, కరెంటు వచ్చాక లేచేవారు.

ఎనభై ఆరు వేసవిలో, లేసు ఎగుమతి చేసే షావుకారు జోగేశ్వరరావు రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో చూసి ఒక సోలార్ లైటు కొనుక్కొచ్చాడు. ఆ వీధిలో డాబా ఇల్లు రత్నమాణిక్యానిదొక్కటే. నల్లటి పలకని డాబా మీద ఎండకి బిగించి, గదిలో బ్యాటరీ పెట్టించి, వసారాలో ట్యూబులైటు వేయించాడు.

"ఇక కరెంటుతో పని లేదమ్మాయ్. వీధిలో ఆడవాళ్ళంతా ఇక్కడే కూర్చుని అల్లుకోండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ఆమె భర్త గంగరాజు, ఆమెకి నోరు తెరిచే సందు లేకుండా.

ఆనాటి నుంచి ఊరంతా చీకటైనా ఆ వసారా తెల్లగా వెలిగేది. ఆడవాళ్ళు చాపలేసుకుని కూర్చునేవారు. ఇంటావిడ లేచి ఎక్కడికి పోతుంది? మంచినీళ్ళివ్వాలి, దీపప్పురుగులు దులపాలి, తన వంతు అల్లాలి. వానాకాలం వచ్చేసరికి ఆమెకి తన ఇంట్లోనే ఊపిరాడనట్టుండేది.

ఒక పొద్దున్న డాబా ఎక్కి పలక మీద బొంత ఆరేసింది. మర్నాడూ అంతే చేసింది. మూడోనాటి సాయంత్రం లైటు మినుకుమినుకుమని ఆరిపోయింది. అందరూ సణుక్కుంటూ లేచారు. ఆమె ఒక్కతే గట్టు మీదికి పోయి, ఒళ్ళు తేలికయ్యేదాకా కూర్చుంది.

మర్నాడు బట్టలు ఆరేసుకోడానికి డాబా ఎక్కిన పాపాయమ్మ, పలక మీద బొంత కప్పుతున్న రత్నమాణిక్యాన్ని చూసింది.

"ఏంటొదినా ఇది?"

"నాకు కాస్త చీకటి కావాలి, వదినా."

పాపాయమ్మ తడిబట్టల బకెట్టు కింద పెట్టింది.

"నీకు అన్నయ్య సంపాదనుంది. నాకీ అల్లికే ఆధారం. ఆ లైటొచ్చాకే రాత్రిపూట కూడా పొయ్యి వెలిగిస్తున్నాను. నీ ఇష్టం, ఎవరితోనూ అనన్లే."

ఆవిడ మెట్లు దిగకముందే రత్నమాణిక్యం బొంత తీసేసింది.

దారం తెచ్చుకోడానికి వెళ్ళినప్పుడు షావుకారునే అడిగింది. "ఆ లైటు ఇంకో ఇంటికి మార్పించండి, బాబుగారూ."

"తాటాకిళ్ళ మీద పలక నిలుస్తుందా? కరెంటు లేదని ఊరంతా ఏడుస్తుంటే, వెలుగొద్దనే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను," అని ఆయన నవ్వాడు. ఆ మాట గంగరాజు చెవిన పడింది. రెండ్రోజులు ఆమెతో పలకలేదు.

కొన్నేళ్ళకి బ్యాటరీ నీరసించింది. లైటు త్వరగా ఆరిపోతున్నా ఆమె ఎవరికీ కబురు పెట్టలేదు. చేతికొచ్చే లేసు తగ్గడం చూసి, వారం తిరక్కుండానే షావుకారు కొత్తది పంపించాడు. ఈసారి అది రెండు ట్యూబులకి సరిపడే బ్యాటరీ.

"పెరట్లో కూడా కూర్చోవచ్చిక," అన్నాడు గంగరాజు సంబరంగా.

ఆమె పెరడు ఊడ్చి, ఇంకో రెండు చాపలు తెచ్చి పరిచింది.