ప్లేనోలో లుంగీల బొంత

ఫోన్ కార్డు మీది వెండిపూత గీకి, ఆ అంకెలన్నీ వరసగా నొక్కితే తప్ప అమ్మ గొంతు వినబడని రోజులవి. ఇప్పటి పిల్లలకి చెబితే జాలిగా చూస్తారు గానీ, అప్పట్లో మాకు మా మీద జాలేమీ ఉండేది కాదు. మాకు తెలియని విషయం లోకంలో లేదని మా నమ్మకం. అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో, కింది వాటాలో ముగ్గురం ఉండేవాళ్ళం. ముగ్గురమూ ఎమ్మెస్ వెలగబెడుతున్నవాళ్ళమే. ఒకడు వరంగల్ నుంచి వచ్చాడు కాబట్టి వాడి పేరు వరంగల్. రెండోవాడిది భీమవరం, అయినా వాణ్ణి హెడ్మాస్టారు అనేవాళ్ళం. (గిన్నె తోమే పద్ధతి దగ్గర్నుంచి అమెరికా విదేశాంగ విధానం దాకా, ఎవరేం చేసినా వాడికి అందులో తప్పే కనబడేది.) మూడోవాణ్ణి నేను. నాకూ ఒక మారుపేరు ఉండేది, అది ఇక్కడ అనవసరం.

మా పై వాటాలో అక్కా బావా ఉండేవాళ్ళు. చుట్టరికం ఏమీ లేదు. మేం దిగిన మొదటి వారంలో మెట్ల మీద కనబడి "తెలుగువాళ్ళేనా? భోంచేశారా?" అని రెండే రెండు ప్రశ్నలు అడిగింది. రెండో ప్రశ్నకు మేం చెప్పిన జవాబు విని, ఆ పూట నుంచీ మాకు అక్క అయిపోయింది. ఆదివారాలు ఆవిడ చేతి పప్పుచారు తినే మేం అక్కడి ఎండల్లో పరీక్షలు గట్టెక్కాం. బావ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఉత్తముడు, వంటింట్లోకి మంచినీళ్ళకు తప్ప వెళ్ళి ఎరగడు. అక్కకు నెలలు నిండుతున్నాయి. పురిటికి తెనాలి నుంచి వాళ్ళమ్మ రావాలి. ఆవిడ చెన్నై వెళ్ళి క్యూలో నిలబడితే వీసా ఇవ్వలేదు. మళ్ళీ వెళితే మళ్ళీ ఇవ్వలేదు. ఆ కబురు వచ్చిన రోజున అక్క ఏడవలేదు, మామూలుగానే వంట చేసింది. చారులో ఉప్పు వెయ్యడం మాత్రం మరిచిపోయింది. మేం ముగ్గురం ఏమీ అనకుండా తినేసి వచ్చాం. (హెడ్మాస్టారు కూడా ఏమీ అనలేదంటే పరిస్థితి మీకు అర్థమై ఉంటుంది.)

మర్నాడు సాయంత్రం బావ మా గదికి వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. "మీ అక్క ఏమీ అడగట్లేదురా. ఉయ్యాల వద్దంది, స్ట్రోలర్ తర్వాత చూద్దామంది. ఒక్క బొంత కావాలంటోంది. పాత చీరలతో వాళ్ళమ్మ కుడుతుందట. వాళ్ళింట్లో ఏ బిడ్డ పుట్టినా ముందు అందులోనే పడుకోబెడతారట. షాప్‌లో మంచి క్విల్ట్ కొంటాను అన్నానని నిన్నట్నుంచీ నాతో మాట్లాడ్డం లేదు. అమ్మ రాకపోయినా, కనీసం ఆ బొంతైనా ఉంటే..." అని ఆగిపోయాడు. అంత చదువుకున్నవాడు మమ్మల్ని సాయం అడుగుతున్నాడంటే ఎటూ దారి తోచక వచ్చాడన్నమాట. మేం వెంటనే ఒప్పుకున్నాం. బొంత ఎలా కుడతారో మాలో ఒక్కడికీ తెలియదు. దానికేముంది, అంతకు ముందు వారమే తెలియని సబ్జెక్టులో ప్రాజెక్టు ఒప్పుకున్నవాళ్ళం.

కార్డు గీకి తెనాలికి ఫోన్ చేశాం. అక్క వాళ్ళమ్మగారు గొంతు తగ్గించి, మంత్రం ఉపదేశించినట్టు చెప్పారు. "పిల్ల భూమ్మీద పడకముందు మాత్రం సూది ముట్టుకోకండి బాబూ, అది మంచిది కాదు. పడ్డాక కుట్టుకోండి. కొత్త బట్ట వద్దు. పురుడు వెళ్ళేదాకా కొత్తది ఒంటికి తగలకూడదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు బట్ట ఉండాలి. పెద్దవాళ్ళు కట్టి విడిచిందైతే మరీ మంచిది, వాళ్ళ ఆయుష్షూ గుణాలూ బిడ్డకొస్తాయి." ఎలా కుట్టాలో చెప్పబోతుండగా కార్డులో నిమిషాలు అయిపోయాయి. ఇంకో కార్డు కొనే ఆలోచన ఎవరికీ రాలేదు. కుట్టడంలో ఏముంది, సూదీ దారమూ ఉంటే అదే వస్తుందని హెడ్మాస్టారు తేల్చేశాడు.

అసలు చిక్కు వేరే ఉంది. పుట్టకముందు మొదలుపెట్టకూడదు. ఇక్కడి ఆసుపత్రి వాళ్ళేమో పుట్టిన రెండో రోజుకే తల్లినీ పిల్లనీ ఇంటికి పంపించేస్తారు. మధ్యలో ఉన్నదే మా వ్యవధి. ఇక పాత నూలు బట్ట ఎక్కడిది? అక్క దగ్గర ఉన్నవన్నీ పెళ్ళినాటి పట్టుచీరలు, కాకపోతే ఉతికీ ఉతకగానే ఆరిపోయే సిల్కులు. బావ చొక్కాలు ఇస్త్రీ అక్కర్లేని రకం. ప్లేనో నగరమంతా గాలించినా, పదేళ్ళు ఉతికిన నూలు బట్ట దొరికే ఇల్లు కనబడలేదు. ఈ మాటే అనుకుంటూ ముగ్గురం నేల మీద చతికిలబడి ఉన్నవాళ్ళం, ముగ్గురం ఒకేసారి కిందికి చూసుకున్నాం. మా అమ్మలు సూట్‌కేసుల నిండా సర్ది పంపిన గళ్ళ లుంగీలు, రంగు వెలిసి, వెన్నలా మెత్తబడి, మా ఒంటి మీదే ఉన్నాయి.

అప్పుడు మొదలైంది గొడవ. బిడ్డ ఒంటికి తగిలే పై పొర ఎవరి లుంగీ కావాలి? గుణాలు వస్తాయన్నారు కదా, కాబట్టి ఒకరి గుణాలు ఒకరు విప్పి పరిచాం. "నా దాన్నే పైన పెట్టండిరా, నా జీపీఏ చూడండి" అన్నాడు హెడ్మాస్టారు. "జీపీఏ సంగతి సరే. పుట్టినకాడికెల్లి అందరికి తప్పులు వడ్తదా పిల్ల? పెండ్లెట్లయితదిరా దానికి?" అన్నాడు వరంగల్. వరంగల్‌ది పెడదామంటే వాడు పొద్దున పది దాకా లేవడు. పసిపిల్ల నిద్రపోతే మంచిదే కదా అని వాడి వాదన. నా ప్రస్తావన వచ్చేసరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు సెమిస్టర్లలో ముగ్గురు గైడ్లను మార్చినవాణ్ణి కాబట్టి స్థిరత్వం లేదని, నా లుంగీని మధ్య పొరలో వెయ్యాలని తీర్మానం చేశారు. నాకు కోపం వచ్చిందిగానీ, ఆలోచిస్తే పిల్ల భవిష్యత్తు దృష్ట్యా అదే సబబనిపించింది. చివరికి పైన వరంగల్ పచ్చగళ్ళది, అడుగున హెడ్మాస్టారి నీలంగళ్ళది అని ఒప్పందం కుదిరింది.

గురువారం తెల్లవారాక బావ ఫోన్ చేశాడు. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. మేం ముగ్గురం కారెక్కి కుట్టుసామాన్ల షాప్‌కి పోయాం. పసిపిల్లకు బొంత కుట్టాలని చెబితే, కౌంటర్ దగ్గర ఉన్న పెద్దావిడ సంతోషపడి, మీలో తండ్రి ఎవరు అని ఇంగ్లీషులో అడిగింది. ముగ్గురం తలలు అడ్డంగా ఊపాం. "మా అక్కకి పుట్టింది" అన్నాను నేను. బట్ట ఎంత కావాలంది. బట్ట ఉంది, మేం కట్టుకునేదే అన్నాడు వరంగల్. ఆవిడ ఇంకేమీ అడక్కుండా ఒక లావుపాటి సూదుల ప్యాకెట్టూ, తెల్లదారమూ ఇచ్చి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అంది.

శుక్రవారం క్లాసులు అయ్యాక కుట్టు ఒక పక్కా, పథ్యం వంట ఒక పక్కా మొదలుపెట్టాం. ఈ పథ్యం సంగతి కూడా చెప్పాలి. బాలింతకు ఏం పెట్టాలని ముగ్గురం ముగ్గురి అమ్మల్నీ అడిగాం, అదీ మేం చేసిన పొరపాటు. వంకాయ, ఆలుగడ్డ పనికిరావని వరంగల్ వాళ్ళమ్మ. కందిపప్పు ముట్టుకోవద్దని, పెరుగు అసలే వద్దని హెడ్మాస్టారి వాళ్ళమ్మ. పులుపు తగలకూడదని కర్నూల్లో మా అమ్మ. ముగ్గురూ వద్దన్నవి తీసేస్తే అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, బీరకాయ మిగిలాయి. మేం అవే చేశాం. ఇండియన్ షాప్‌లో బుట్టెడు వెల్లుల్లి తెచ్చి, అది వలుస్తూ, వేయిస్తూ, ఆ చేతులతోనే వచ్చి కుడుతూ, మళ్ళీ వెళ్ళి కలుపుతూ ఉన్నాం. బీరకాయ మెత్తగా ఉడికింది, అన్నం అంతకన్నా మెత్తగా ఉడికింది.

బొంతను హాల్లో నేల మీద పరిచాం. లుంగీలు కోసి, పొరలుగా పేర్చి, అంచులు లోపలికి మడిచి, నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు బరువు పెట్టాం. (ఆ పుస్తకాలకు ఆ ఏడాది మొత్తానికి అదొక్కటే ఉపయోగం.) ఇళ్ళల్లో అమ్మమ్మలు నేల మీద పరుచుకునే కదా కుడతారు. తలా ఒక పక్క నుంచి మొదలుపెట్టాం. నా వరస తిన్నగా మొదలై గోదారిలా వంకర తిరిగింది. వరంగల్ కుట్లు మూరకొకటి. హెడ్మాస్టారు పక్కన స్కేలు పెట్టుకుని కుట్టాడు. పొరలు మందంగా ఉండటంతో సూది దిగేది కాదు. "లోతుగా గుచ్చాలొరేయ్. ఎంత లోతుగా గుచ్చితే కుట్టు అంత గట్టిగా ఉంటుంది" అని వాడు పాఠం చెప్పాడు. శనివారం మధ్యాహ్నం వరంగల్ ఒక మూల పట్టి లాగి, "గుంజితె వస్తలేదురా ఇది" అన్నాడు. "అదే గట్టితనం అంటే" అన్నాడు హెడ్మాస్టారు. మాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆఖరి ముడి వేస్తుండగా బావ ఫోన్. డిశ్చార్జ్ అయిపోయింది, కార్‌లో ఉన్నాం, వచ్చేస్తున్నాం అని. ముగ్గురం మూడు అంచులు పట్టుకుని బొంతను ఎత్తాం. బొంతతో పాటు నేల కూడా లేచింది. అమ్మమ్మలు కుట్టేది గచ్చు నేల మీద. ఇక్కడ గోడ నుంచి గోడకు పరిచి ఉన్నది కార్పెట్. రెండు రోజులుగా మేం అంత లోతుగా, అంత గట్టిగా, అంత శ్రద్ధగా అక్క బొంతను అపార్ట్‌మెంట్ వాళ్ళ కార్పెట్‌కి కుట్టేశాం. హెడ్మాస్టారు స్కేలు తీసి వీపు వెనక దాచుకున్నాడు. వాడికి తప్పు పట్టడానికి ఎవరూ దొరక్కపోవడం అదే మొదటిసారి.

కుట్లు విప్పే వ్యవధి లేదు. వరంగల్ వంటింట్లోంచి కత్తెర పట్టుకొచ్చి, నేల మీద బోర్లా పడుకుని, బొంతను ఆనుకునే కార్పెట్ బొచ్చు కత్తిరించుకుంటూ పోయాడు. నేనూ హెడ్మాస్టారూ బొంతను గొర్రెను పట్టుకున్నట్టు పట్టుకున్నాం. బొంత ఊడి వచ్చింది. దాని అడుగంతా గోధుమరంగు నూగు. నేల మీద దాని మేర గుండు గీసినట్టు అచ్చు పడింది. సోఫా జరిపి ఆ గుండు మీద పెట్టాం. (ఇల్లు ఖాళీ చేసినప్పుడు జరిగిన సంగతి ఇక్కడ చెప్పను.) పార్కింగ్‌లో కారు ఆగిన చప్పుడు వినగానే, బొంతా అన్నం గిన్నే పట్టుకుని పై వాటాకు పరిగెత్తాం. పరిగెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఇంత నూగు పట్టిన వంకర బొంతను చూస్తే అక్కకు వాళ్ళమ్మ రాలేదన్న సంగతి మరింతగా గుర్తొస్తుంది కదా అని.

అక్క నెమ్మదిగా వచ్చి మంచం మీద కూర్చుంది. పిల్ల బావ చేతుల్లో ఉంది. బొంత చేతికిస్తే ముందు వాసన చూసింది. దానికి రెండు రోజుల వెల్లుల్లి పట్టేసి ఉంది. "అచ్చం మా ఇంట్లో పురిటి గది వాసన" అంది. తర్వాత పై గళ్ళ మీద చెయ్యి వేసి నిమిరింది, తిరగేసింది. "కింద ఈ బొచ్చేంట్రా?" "కార్పెట్ అక్కా" అన్నాన్నేను. హెడ్మాస్టారు పద్ధతిగా జరిగిందంతా చెప్పాడు. అక్క ఆ బొచ్చును వేళ్ళతో పీకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఒళ్ళు నొప్పులతో మూలుగుతూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ వీసా రాని రోజు నుంచీ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. బావ పిల్లను బొంతలో పడుకోబెట్టాడు. అది ఒకసారి ముడుచుకుని, వరంగల్ గుణమే వచ్చిందో ఏమో, హాయిగా నిద్రపోయింది.

అక్క తెనాలికి ఫోన్ చేయించి స్పీకర్ పెట్టింది. పిల్ల బరువు, ముక్కు, జుట్టు అన్నీ అయ్యాక ఆవిడ అసలు సంగతికి వచ్చారు.

"బొంత దొరికిందా అమ్మా?"

"దొరికిందమ్మా. తమ్ముళ్ళు కుట్టారు."

"పాత బట్టేనా?"

"పాతదే. లుంగీలు."

"లుంగీలా? పెద్దవాళ్ళవెవరివీ దొరకలేదటే?"

అక్క మా వంక చూసింది. గడ్డాలు గీసుకుని మూడు రోజులైంది. వేళ్ళకు ప్లాస్టర్లు, మోకాళ్ళ మీద కార్పెట్ నూగు. "ఇక్కడ మాకు పెద్దవాళ్ళు వీళ్ళేనమ్మా" అంది.

హెడ్మాస్టారు దాంట్లో కూడా తప్పు పట్టలేదు. వరంగల్ అన్నం వడ్డించే నెపంతో వంటింట్లోకి పోయాడు. నేను కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు.

ఇప్పుడు ప్లేనో పక్కనే ఫ్రిస్కోలో ఉంటున్నాను. గుళ్ళో కనబడే ఎమ్మెస్ పిల్లలు నన్ను అంకుల్ అంటారు. జుట్టు నెరిసింది, గైడ్లను మార్చినట్టు ఉద్యోగాలు మార్చడం కూడా మానేశాను. లుంగీ ఏదైనా మెత్తబడితే పారెయ్యను. ఉతికి, మడతపెట్టి, అల్మారా పై అరలో పెడతాను. ఎందుకివన్నీ అని మా ఆవిడ అడుగుతుంది. ఎప్పుడైనా ఎవరికైనా పెద్దవాళ్ళ బట్ట కావలసిరావచ్చు అంటాను. ఇప్పుడైతే పై పొరకు కూడా పనికొస్తానని నా నమ్మకం. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.