మా అత్త కార్డులు, మా అవ్వ పువ్వులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరగబోయేది చెప్పేవి రెండు ఉండేవి. ఒకటి మా అవ్వ దేవుడిని అడిగే పువ్వు. రెండోది మా అత్త బెంగళూరు నుంచి తెచ్చుకున్న బొమ్మల కార్డుల కట్ట. ఏది నమ్మాలో తెలియక ఆ వేసవి సెలవులంతా నా బుర్ర గిర్రున తిరిగింది. నిజం చెప్పాలంటే అది ఇప్పటికీ పూర్తిగా కుదుటపడలేదు.

మాది చింతామణి. నాన్న శెనక్కాయల వ్యాపారి. అత్త అంటే నాన్న చెల్లెలు. ఆమెను బాగేపల్లి వాళ్లకిచ్చారు. మామకు బెంగళూరులో ఉద్యోగం కాబట్టి కాపురం అక్కడే. పెళ్లయిన కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం ఒక్క సంచీతో బస్సు దిగి ఇంటికి వచ్చేసింది. కొట్టాడా అంటే లేదు. తాగుతాడా అంటే లేదు. తిండికి లోటా అంటే అదీ లేదు. “మాట్లాడడు” అనేది, అంతే. కాఫీ ఇస్తే తాగుతాడు, అన్నం పెడితే తింటాడు, పడుకుంటాడు. నెలల తరబడి ఒక్క మాట ఉండదట. ఇది విని చూడవచ్చిన ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మాట్లాడని మొగుడు దొరకడం అదృష్టమే కదా అని ఒకామె నవ్వింది కూడా. ఆమె పోయి చాలా కాలమైంది కానీ ఆ నవ్వు మీద నా కోపం పోలేదు.

ఆ కార్డులను బెంగళూరులో కింది వాటాలో ఉండే ఒక క్రైస్తవ ముసలావిడ, ఇల్లు ఖాళీ చేసి పోతూ అత్తకు ఇచ్చిందట. వాటిని టారో అంటారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పేకముక్కలే అనుకుని నాన్న మొదటిరోజు ముఖం చిట్లించాడు. అత్త రోజూ పొద్దున స్నానం చేసి, వెనక వరండాలో చాప వేసుకుని, కట్ట కలిపి ఒక్క కార్డు తీసేది. కార్డులతో స్నేహం కుదరాలంటే ముందు మన సంగతే మనం అడగాలని, కట్టతో వచ్చిన పుస్తకం తెరవకుండా బొమ్మను చూసి నోటికి ముందుగా వచ్చిన మాట చెప్పుకోవాలని ఆ ముసలావిడ నేర్పిందట. నేను పక్కన కూర్చుని బొమ్మలకు పేర్లు పెట్టేదాన్ని. లాంతరు తాత, ఆకాశం చూస్తూ కొండ అంచున నడిచే తిక్క పిల్లోడు, పిడుగుపడి కూలే మిద్దె.

అత్త అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. తిరిగి పోవాలా, ఉండిపోవాలా?

ఒకరోజు ఇంద్రధనుస్సు కింద ఆలుమగలు చేతులెత్తి నిలబడి, పక్కన పిల్లలు గంతులు వేస్తున్న కార్డు వచ్చింది. ఇంకేం, అంతా మంచే అని నేను చప్పట్లు కొట్టాను. అత్త ముఖం పాలిపోయింది. కార్డును కట్ట మధ్యలోకి తోసేసి, ఆ పూట అన్నం ముట్టలేదు. మరోరోజు మిద్దె కూలింది. బొమ్మలో మనుషులు తలకిందులుగా పడుతున్నారు. నేను భయపడి అత్త చెయ్యి పట్టుకుంటే, ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుని, నిమ్మళంగా కాఫీ తాగి, కూనిరాగం తీస్తూ నాకు జడ వేసింది. మంచి బొమ్మకు ఏడుపు, చెడ్డ బొమ్మకు పాట. అత్తకు బొమ్మలు చదవడం రాదేమోనని నాకు అనుమానం వచ్చింది.

పక్కింటావిడకు వేరే అనుమానం. అత్తను ఒకసారి మురుగమల్ల దర్గాకు తీసుకుపొమ్మని, గాలి ఏదైనా సోకి ఉంటే వదిలిపోతుందని అవ్వకు చెప్పింది. “దానికి గాలీ లేదు, గీలీ లేదమ్మా. బేజారు ఉండాది, అంతే” అని అవ్వ ఆమెను పంపేసింది. అయితే కార్డులంటే అవ్వకూ గిట్టేది కాదు. “దినామూ అదే అడిగితే దేవుడైనా విసుక్కుంటాడే. ఒగసారి అడగల్ల, చెప్పింది వినల్ల” అనేది. అవ్వ పద్ధతి అదే. ఇంట్లో ఏదైనా తేలకపోతే దేవరగూట్లోని ఇత్తడి వెంకటరమణుడి రెండు భుజాల మీద తడిపిన శామంతి పూలు చెరొకటి అంటించి, దండం పెట్టుకుని కూర్చునేది. కుడి పువ్వు ముందు పడితే అవును, ఎడమది పడితే కాదు. పువ్వు పడ్డాక మా వైపు ఎవరూ ఎదురు మాట్లాడరు.

ఇంతలో శుక్రవారం వచ్చి అత్తను పిలుచుకుపోతామని బాగేపల్లి నుంచి కబురు వచ్చింది. నాన్న ఎటూ తేల్చలేకపోయాడు. చెల్లెలి ముఖం చూస్తే ఉంచుకోవాలని ఉండేది, బజారులో నలుగురి మాటలు వింటే పంపించాలని అనిపించేది కాబోలు. చివరికి, వాళ్ల ముందరే పువ్వు అడుగుదామని, దేవుడు ఎట్లా చెబితే అట్లాగే అని కబురు పంపాడు. అత్త అది విని కార్డులను చీర మడతల్లో దాచేసింది.

గురువారం సాయంత్రం అవ్వ వచ్చి అత్త పక్కన చాప మీద కూర్చుంది. “నాకూ ఒగటి తీయి, చూస్తాము” అంది. నేను నోరు తెరిచాను. అత్త కట్ట బయటికి తీసి కలిపింది, అవ్వ ఒక కార్డు లాగింది. ఎర్ర శాలువా కప్పుకుని, చేతికర్రతో అటు తిరిగి వెళ్లిపోతున్న ఒక మనిషి. వెనక పేర్చిన గిన్నెలు, పైన చంద్రుడు. అత్త అర్థం చెప్పబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టి, కార్డును కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

“పాపము, చెంబులన్నీ నింపి పెట్టిండాది. ఎవురూ తాగలే. ఇంగ ఎంతసేపని నిలుచుకోనుంటాది? లేచి పోతాండాది” అంది.

అత్త, “అమ్మా, ఆ ఇంట్లో నాతో మాట్లాడింది ఇవొగటే” అని కార్డుల మీద చెయ్యి పెట్టి భోరున ఏడ్చింది. ఆమె వచ్చాక అట్లా ఏడవడం అదే మొదలు.

శుక్రవారం మామ, ఆయన తండ్రి వచ్చారు. నాన్న మర్యాద చేసి, “నువ్వేమంటావప్పా?” అని మామను అడిగాడు. మామ తన తండ్రి వైపు చూశాడు, అంతే. అవ్వ నన్ను గంధం తీయమంది. పళ్లెం పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాను. కుడి పువ్వును నీళ్లలో ముంచి భుజం మీద ఊరికే తాకించింది. ఎడమ పువ్వు వెనక మాత్రం, కొంగు చాటున, నేను తీసిన గంధమంతా ముద్దగా పెట్టి గట్టిగా అదిమింది. మిగతావాళ్లకు ఆమె వీపే కనబడుతోంది. నేనొక్కదాన్నే చూశాను. చూశానని అవ్వకూ తెలిసింది. “పిల్ల ఈడనే ఉండేది మంచిదైతే కుడి పువ్వు ఇయ్యి స్వామీ” అని గట్టిగా మొక్కి, పక్కకు జరిగింది.

అత్త తలుపు పట్టుకుని నిలబడింది. కుడి పువ్వు పడింది.

మామ తండ్రి లెంపలు వేసుకుని, “ఆయప్పే చెప్పినాక మనదేముండాది” అని లేచాడు. మామ చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి అత్తను చూశాడు. పెదవులు కదిలినట్టే అయ్యాయి, మాట రాలేదు. ఆ మనిషి మీద జాలి పడాలో వద్దో నాకు అప్పుడూ తెలియలేదు.

వాళ్లు పోయాక అవ్వ తడిగుడ్డతో స్వామి భుజం తుడుస్తోంది. దేవుడిని మోసం చేశావు కదా అని నిలదీశాను. ఏడుపు కూడా వచ్చింది నాకు.

“నువ్వు దినామూ కార్డు చూస్తాంటివి, నేను మీ అత్త మొగము చూస్తాంటి” అంది అవ్వ. “పోనని దానికి తెలుసు, నోరు రాలే. దేవునికీ తెలుసు. మీ నాయనకీ ఆ పెద్దాయనకీ చెప్పేదానికి పువ్వు కావల్ల.”

మరి అత్తకు పోవాలనే ఉండి ఉంటే?

“అప్పుడు గంధము కుడిపక్క పెట్టింటి” అని గుడ్డ పిండుకుంది.

అత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. ఊళ్లో పిల్లలకు చదువు చెప్పింది. కార్డులను తీసేది కానీ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. ఆ రోజు జవాబు చెప్పింది దేవుడో, అవ్వో, ఆ గిన్నెల బొమ్మో నాకు ఇన్నేళ్లకూ తేలలేదు. ఇప్పుడు నేనూ పెద్దదాన్నయ్యాను. పిల్లలు వచ్చి ఏం చేయమంటావని నన్ను అడుగుతుంటారు. వెంటనే చెప్పను. ఒకసారి సరే చెయ్యమంటాను, ఇంకోసారి వద్దంటాను, రెండుసార్లూ వాళ్ల ముఖం చూస్తాను. తర్వాత వాళ్ల మనసున్న వైపు నేనూ చేరి, అదే మంచిదని పెద్దరికంగా చెబుతాను. వాళ్లు తేలికపడి వెళ్తారు. నేను చేసింది సరైన పనో కాదో తెలియక నేను మాత్రం అక్కడే కూర్చుని ఉంటాను.