కళ్లద్దాలు తుడుచుకునే పిల్ల

తాండూరులో నేను పనిచేసే బండల పాలిష్ యూనిట్‌కు ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ పిల్ల వికారాబాద్ నుంచి రైల్లో వచ్చేది. బండల వివరాలు ఫోన్లో ఎక్కించడం మాకు నేర్పేది. భయమేస్తే కళ్లద్దాలు తీసి చున్నీతో తుడుచుకునేది.

ఫోన్ వాడటం రానివాళ్లు మళ్లీ బండలు మోయాల్సిందేనన్నాడు సేటు. నాకేమో నడుము నొప్పి. అక్షరాలు నేర్చి ఏడాది కాలేదు. ఫోన్లో "పరిమాణం" అని కూడబలుక్కుని చదివాను కానీ అర్థం కాలేదు.

"నాకు చదువు రాలే బిడ్డా," అన్నాను.

"మంచిగనే చదివిన్రు కదమ్మా. అంటే బండ పొడుగు, వెడల్పు. దాన్ని మీరేమంటరు?"

"సైజు."

పిల్ల కళ్లద్దాలు తుడుచుకుని, ఆ మాట తీసేసి "సైజు" అని పెట్టింది.

"నాకిది మొదటి నౌకరి. అందరు తలూపుతుంటే సమజైందనుకున్న. మీరొక్కలే చెప్పిన్రు."

రెండు బై రెండు అని నొక్కి చూపించాను. నా నడుము బతికిపోయింది. ఆమె కళ్లద్దాలు కూడా ఆ పూట మళ్లీ ముక్కు మీంచి దిగలేదు.