గడియ ఉన్న తలుపు

మామగారు స్నానం చేసి, రెండు మోచేతులకూ ఇటుకరంగుతో బ్యాంకుకు వెళ్ళొచ్చారు. స్నానాలగదిలో, ఆరకముందే ఆయన మోచేతులు తగిలిన ఆ గోడకు రంగు వేసింది చిన్నకోడలు. చెయ్యి చాస్తే గోడ తగిలే ఆ స్నానాలగదిలోనే ఆమె వెదురు చట్రం అద్దం పెట్టింది, జనపనార తాళ్ళు అల్లి మట్టికుండీలు వేలాడదీసింది, కిటికీకి తీగ పాకించింది. ఏడుగురున్న ఇంట్లో ఆమె ఒంటరిగా ఉండి గడియ వేసుకోగల తలుపు అదొక్కటే. రోజూ సాయంత్రం కుట్టుమిషను ముందునుంచి లేచి వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గోడ మీద ఆకుల నీడలు ఈదుతుంటే చూస్తూ, ఏదో దూరపు తోటలో ఉన్నట్టు కళ్ళు సగం మూసుకుంటుంది.

ఈరోజు అత్తగారు తలుపు తట్టారు. "ఏమ్మా, నీళ్ళ చప్పుడే లేదు, ఏం చేస్తున్నావు లోపల? ఇక్కడ నలుగురం నిలబడ్డాం. ఇలాగైతే ఆ కుండీలన్నీ పీకించేస్తాను."

"నేను ఊళ్ళో లేనత్తయ్యా, పది నిమిషాల్లో వచ్చేస్తాను."