జీన్స్ యూనిట్‌లో ఆటల మౌస్

మౌస్ కొనడంలో నా అంత తెలివితక్కువవాడు బళ్లారిలో ఇంకొకడు ఉండడు. మాది జీన్స్ కుట్టించే యూనిట్. గుడ్డను చేత్తో ఎత్తి చూసి, బరువుంటే మంచిదని కొనడం మాకు అలవాటు. అదే చేత్తో మౌస్‌నూ ఎత్తి చూశాను. అంగట్లో అన్నిటికంటే బరువైనదాన్ని తెచ్చుకొని, సరుకంటే ఇదీ అని మురిసిపోయాను.

కంప్యూటర్‌లో ప్యాంట్ల ప్యాటర్న్‌లు గీసేది నేనే. ఆ పనిలో చెయ్యి తిరిగినవాణ్ణని పేరు. ఆ బండను కొన్నాళ్లు ఈడ్చేసరికి చెయ్యి నిజంగానే తిరగడం మానేసింది. మణికట్టు పట్టేసి, జేబు వంపు గీస్తే మెట్లు మెట్లుగా వచ్చేది.

యూనిట్‌లో నా భాగస్తుడు మా అక్క మొగుడు. చూసీ చూసీ ఒకరోజు అన్నాడు: "గీసేదానికి ఇంకొకణ్ణి మాట్లాడినాలేప్పా. సోమవారం వస్తాడు. నువ్వు గుండీలు ఏరుకుంటా కూచో."

నా కుర్చీ పోతోందని అర్థమైంది. నేరుగా కంప్యూటర్ అంగడికి పోయి, ఈసారి అన్నిటికంటే తేలికైంది అడిగాను.

"ఇవి గేములాడే పిల్లోళ్లవి సార్, మీకేంటికి?"

"నేనూ ఆడాలప్పా, కుర్చీలాట."

మొదటిది పెండ్లి పందిరిలాగా రంగురంగుల లైట్లు వేసింది. పక్కన పెట్టాను. రెండోది తేలికే గానీ అరచెయ్యి చాలలేదు. మూడోది చిన్నది, నల్లది, ఏ ఆర్భాటమూ లేదు. వేళ్ల కొసలతో పట్టుకొని గాజు బల్ల మీదే జేబు వంపు గీశాను. వేళ్లు కదిలాయి, మణికట్టు కదల్లేదు. అదే తెచ్చుకున్నాను.

"ఏంది బామ్మర్దీ, ఊదితే ఎగిరిపోయేట్టుండాది!" అని బావ నవ్వాడు.

మొదట బాణం గుర్తు మేకపిల్లలాగా తెరంతా గెంతింది. వేగం తగ్గించాక దారికొచ్చింది. శనివారం పిల్లల ప్యాంట్ల ఆర్డరు, అన్ని సైజులూ, మధ్యాహ్నం సంగటి తినకముందే గీసి పడేశాను. కటింగ్ మాస్టర్ కాగితం పరిచి, జేబు వంపు మీద వేలు నడిపి, "చెన్నాగైతె" అని కన్నడంలో మెచ్చుకున్నాడు. ఆయన నోట ఆ మాట రావడం బళ్లారిలో వాన రావడం లాంటిది.

బావ ఫోన్ తీసుకొని బయటికి కదిలాడు.

"యాడికి బావా? ఆ కొత్తాయనకేనా? ఈడే మాట్లాడు. స్పీకర్ పెట్టు."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"నువ్వు రావద్దులేప్పా," బావ గొంతు తగ్గించి చెప్పాడు. "మా బామ్మర్దే బాగ గీస్తాండాడు."

"ఈ పక్కకు వినపళ్యా బావా," అన్నాను. "ఇంకోసారి చెప్పు."

చెప్పాడు.